పరుగెత్తితే చక్కెర తగ్గుతుందా?

బిలాస్‌పూర్‌లో మా వీధిలోనే ఒక పెద్దాయన ఉంటారు. లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళుగా ఆయనకు మధుమేహం, అంటే వైద్యులు టైప్-2 అనే రకం. కిందటి చలికాలంలో ఒకనాటి ఉదయం ఆయన చెమటలు కక్కుతూ మా గుమ్మంలోకి వచ్చారు. ఒక చేతిలో గ్లూకోమీటరు, ఇంకో చేతిలో మడతపెట్టిన కాగితం. బంధువులెవరో విశాఖ నుంచి తెచ్చిన దినపత్రిక ఆదివారం అనుబంధం అది.

"ఏటి బాబూ, నువ్వు రాసిందే కదా ఇది? పరిగెడితే సుగరు దిగుతాదన్నావు. ఎక్కీసిందేటి?" అన్నారు.

మైదానానికి బయలుదేరే ముందు మీటరు చూపిన అంకె 152. నిమిషం పరుగు, నిమిషం నడక చొప్పున పదిసార్లు చేసి వచ్చిన వెంటనే చూపిన అంకె 196. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఇన్ని మిల్లీగ్రాముల గ్లూకోజు అని ఈ అంకెలకు అర్థం. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే ఆయన ఇంకో మాట అన్నారు. వ్యాయామం ఎలాగూ చేస్తున్నాను కదా అని పది రోజులుగా రాత్రి వేసుకునే మాత్ర మానేశారట.

అప్పుడు నాకు భయం వేసింది. ఆ వ్యాసం విదేశీ పరిశోధనా వార్త ఒకదానికి నేను చేసిన అనువాదం. "నిమిషం పరుగుతో షుగర్ మాయం" అన్న శీర్షిక నేను పెట్టింది కాదు. కాని శీర్షిక కింద ఉన్న వాక్యాలు నావే. అందుకే ఈ నెల వేరొకరి పుస్తకాన్నో వ్యాసాన్నో కాక, నా అనువాదాన్నే మీ ముందు విమర్శకు పెడుతున్నాను. తీవ్రమైన వ్యాయామానికీ మధుమేహానికీ ఉన్న సంబంధం గురించి పత్రికలలో వచ్చే వార్తలను ఎలా చదవాలో దీని ద్వారా చూద్దాం.

అసలు పరిశోధనలో ఏముంది?

ఆ వార్తకు ఆధారమైన పరిశోధన కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 2011లో ప్రచురితమైంది. టైప్-2 మధుమేహం ఉన్న ఎనిమిది మంది అందులో పాల్గొన్నారు. వారి సగటు వయసు 63 సంవత్సరాలు. వారు వ్యాయామశాలలోని సైకిలు మీద ఒక నిమిషం గట్టిగా తొక్కి, ఒక నిమిషం తెరిపి తీసుకునేవారు. అలా పదిసార్లు. తొక్కేటప్పుడు గుండె వేగం దాని గరిష్ఠ వేగంలో 90 శాతం దాకా చేరాలి. వారానికి మూడు రోజుల చొప్పున రెండు వారాలు, అంటే మొత్తం ఆరుసార్లు మాత్రమే ఈ వ్యాయామం చేశారు.

శరీరానికి అమర్చిన పరికరం ఎడతెరిపి లేకుండా చక్కెరను కొలుస్తూ ఉండగా, 24 గంటల సగటు వ్యాయామ శిక్షణకు ముందు సుమారు 137 ఉన్నది తర్వాత 119కి తగ్గింది. ఆ కొలత తీసుకున్న రెండు సందర్భాలలోనూ వారు తినే ఆహారాన్ని ఒకే తీరుగా ఉంచారు. శిక్షణ తర్వాతి కొలత తీసుకున్నది ఎప్పుడో గమనించండి. చివరి వ్యాయామం ముగిశాక 48 నుంచి 72 గంటల మధ్య!

ఇప్పుడు నా అనువాదాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

"సైకిలు" నా చేతిలో "పరుగు" అయింది. తెలుగు పాఠకుడికి పరుగు దగ్గరగా ఉంటుందనుకున్నాను. అరవై దాటిన మోకాళ్ళకు ఈ రెండూ ఒకటి కావన్న సంగతి ఆలోచించలేదు.

"ఎనిమిది మంది" మాయమై "పరిశోధకులు నిరూపించారు" వచ్చింది. వ్యాయామం చేయనివారి జట్టు ఒకటి పెట్టి దానితో పోల్చలేదన్న సంగతి అసలే రాలేదు. అలాంటి పోలిక లేని చిన్న పరిశోధన ఒక దారిని సూచించగలదు. దానిని నిరూపణ అనడం పొరపాటు.

"చక్కెర నియంత్రణ మెరుగుపడింది" అన్నదాన్ని నేను "చక్కెర తగ్గింది" అని రాశాను. ఇదే పెద్ద తప్పు. నియంత్రణ అంటే రాత్రీ పగలూ, భోజనానికి ముందూ తర్వాతా, వారాల తరబడి చక్కెర తగిన హద్దులలో ఉండడం. "తగ్గింది" అనగానే చదివేవాడు మీటరు తీసి వెంటనే చూసుకుంటాడు. మా పెద్దాయన చేసింది సరిగ్గా అదే.

మాత్రలు మానవచ్చని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కాని "మాయం" అన్న మాట ఆ పని చేసేసింది.

నిమిషాల లెక్క

మరి పరుగు ఆపగానే చక్కెర ఎందుకు పెరిగింది? మీటరు తప్పా?

మీటరు సంగతి ముందు చూద్దాం. ఇళ్ళలో వాడే గ్లూకోమీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 100కు పైనున్న అంకెలు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూగా ఉండవచ్చు. నూటికి 95 రీడింగులు ఆ హద్దులో ఉంటే చాలునని 2013 నాటి ప్రమాణం చెబుతుంది. ఈ లెక్కన మీరే వేసి చూడండి. 152 అంటే దాదాపు 130 నుంచి 175 దాకా ఏదైనా కావచ్చు. 196 అంటే దాదాపు 167 నుంచి 225 దాకా కావచ్చు. ఈ రెండు హద్దులు ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయి. కాబట్టి ఒక్క జత అంకెలతో ఏదీ తేల్చకూడదు. అయినా ఆ రోజు చక్కెర నిజంగానే పెరిగి ఉండవచ్చు. తీవ్ర వ్యాయామంలో అది వింత కాదు.

రైల్వే ఊరివాళ్ళకు దీన్ని ఆవిరి ఇంజను భాషలో చెప్పడం తేలిక. మా పెద్దాయన తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఫైర్‌మన్. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ బిలాస్‌పూర్ మీదుగా వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. వాల్తేరు కూడా ఆ కంపెనీ లైనులోనే ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఆ రైలు పనుల వెంటే ఇక్కడికి వచ్చాయి. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే దారిలో భన్వార్‌టంక్ దగ్గర ఘాట్ ఉంది. అలాంటి ఎగువ వస్తున్నదంటే మంచి ఫైర్‌మన్ ఇంజను రొప్పేదాకా ఆగడు. ముందే బొగ్గు ఎగదోస్తాడు.

మన శరీరంలో ఆ ఫైర్‌మన్ కాలేయం. అది గ్లూకోజును గ్లైకోజన్ రూపంలో నిల్వ చేసుకుంటుంది. మీరు ఒళ్ళు దాచుకోకుండా పరుగెత్తినప్పుడు ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ హార్మోన్లు రక్తంలో ఎన్నో రెట్లు పెరుగుతాయి. వాటి ప్రేరణతో కాలేయం గ్లూకోజును రక్తంలోకి పంపే వేగం మామూలుకంటే ఏడెనిమిది రెట్లు కాగలదు. కండరాలు దాన్ని వాడుకునే వేగం మాత్రం మూడు నాలుగు రెట్లే పెరుగుతుంది. రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ. మిగిలింది రక్తంలో కనిపిస్తుంది. పైగా పరుగు ఆపగానే కండరాల వాడకం చప్పున పడిపోతుంది. అందుకే ఆగిన కొద్ది నిమిషాలకు చక్కెర ఇంకా ఎక్కువ కనిపించవచ్చు.

ఆరోగ్యవంతులలోనూ ఇలాగే జరుగుతుంది. అయితే వారి క్లోమం వెంటనే ఇన్సులిన్ విడుదల చేసి ఆ మిగులును సర్దేస్తుంది. టైప్-2 మధుమేహంలో ఈ సర్దుబాటు మందగిస్తుంది. పెరిగిన చక్కెర గంట దాకా అలాగే ఉండిపోవచ్చు. మామూలు నడకలో ఎడ్రినలిన్ ఇంతగా ఎగదన్నదు. అందుకే నడక తర్వాత చాలామందికి చక్కెర తగ్గినట్లు కనిపిస్తుంది.

రోజు లెక్క

కథ ఇక్కడితో ముగిసిందనుకుంటే మీరు ఇంకొక తప్పుడు శీర్షిక పెడతారు. "కఠిన వ్యాయామంతో షుగర్ పెరుగుతుంది, జాగ్రత్త!" ఇలాంటివి కూడా పత్రికలలో వచ్చాయి. నిమిషాల లెక్కలో ఇది నిజమే. రోజు లెక్కలో కాదు.

ఘాట్ ఎక్కాక ఏం జరుగుతుందో చూడండి. కండరాలు తమ సొంత గ్లైకోజన్‌ను ఖర్చు చేసుకున్నాయి. ఆ కొట్టు మళ్ళీ నింపుకోవాలి. దానికి రక్తంలోని గ్లూకోజే సరుకు. కండర కణం పొర మీద గ్లూకోజును లోపలికి తీసుకునే ద్వారాల వంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిని గ్లూట్-4 అంటారు. ఇన్సులిన్ వచ్చి చెబితే అవి కణం లోపలి నుంచి పొర మీదికి వస్తాయి. టైప్-2లో ఆ పిలుపు కణానికి సరిగా వినబడదు. కాని కండరం ముడుచుకున్నప్పుడు కూడా అవి పైకి వస్తాయి, అదీ ఇన్సులిన్‌తో పని లేకుండా! మధుమేహ రోగులకు వ్యాయామం చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ తర్వాత ఒకటి రెండు రోజులపాటు కండరాలు ఇన్సులిన్ మాటను కూడా మునుపటికంటే బాగా వింటాయి. వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే.

కెనడా పరిశోధకులు రెండు రోజులు ఆగి కొలవడంలో ఉన్న అర్థం ఇప్పుడు తెలిసింది కదా! ఆ గంటల అంకెను నేను వాక్యం బరువవుతుందని వదిలేశాను. వ్యాసానికి ప్రాణం అందులోనే ఉంది.

ఈ సందర్భంలో ఇంకొక పరిశోధనను కూడా చెప్పుకోవాలి. 2019లో స్వీడన్ శాస్త్రజ్ఞులు టైప్-2 మధుమేహం ఉన్న పదకొండు మంది పురుషుల చేత రెండు వారాలు ఉదయం, రెండు వారాలు మధ్యాహ్నం తర్వాత తీవ్ర వ్యాయామం చేయించారు. మధ్యాహ్నం చేసినప్పుడు చక్కెర తగ్గింది. ఉదయం చేసినప్పుడు పెరిగింది. ఆలోచింపజేసే ఫలితమే. కాని పదకొండు మంది పురుషులతో, అదీ రెండేసి వారాలలో తేలినదాన్ని పట్టుకుని "ఉదయం వ్యాయామం వద్దు" అంటే అది మళ్ళీ నా పాత తప్పే అవుతుంది. ఇందులో ఒక్క స్త్రీ కూడా లేదని గమనించారా?

మూడు నెలల లెక్క

మధుమేహం కళ్ళనూ, మూత్రపిండాలనూ, నరాలనూ దెబ్బతీసేది ఏళ్ళ తరబడి. కాబట్టి నియంత్రణను కొలవడానికి ఇంకా పెద్ద గడియారం కావాలి. అదే హెచ్‌బీఏ1సీ పరీక్ష. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. దానిలోని హెమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజు అంటుకుందో చూస్తే గడచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది.

ఈ గడియారంతో కొలిచిన పెద్ద లెక్కలు ఏం చెబుతున్నాయి? 2011లో బ్రెజిల్ పరిశోధకులు 47 పరిశోధనలను, మొత్తం 8,538 మంది రోగుల వివరాలను కలిపి చూశారు. ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం చేసినవారిలో హెచ్‌బీఏ1సీ సగటున 0.67 శాతం పాయింట్లు తగ్గింది. వారానికి 150 నిమిషాలకు మించి చేసినవారిలో తగ్గుదల 0.89, అంతకంటే తక్కువ చేసినవారిలో 0.36. కొన్ని మందులతో పోల్చదగిన మేలు ఇది.

అదే లెక్కలో ఇంకో ఫలితం ఉంది. వ్యాయామం చేయమని సలహా చెప్పి వదిలేస్తే, ఆహారం గురించిన సలహా కూడా తోడైతే తప్ప ఫలితం కనిపించలేదు. పత్రికలో వ్యాసం కూడా సలహాయే కదా! రాసేవాళ్ళం దీన్ని గోడకు అంటించుకోవాలి.

తీవ్రత సంగతి ఏమిటి? 2003లో పలు పరిశోధనలను కలిపి చూసిన ఒక లెక్కలో, వ్యాయామం ఎంత సేపు చేశారన్నదానికంటే ఎంత తీవ్రంగా చేశారన్నదే హెచ్‌బీఏ1సీ తగ్గుదలకు దగ్గరగా సరిపోయింది. కెనడాలోనే 251 మందితో చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, నడక, సైకిలు వంటివీ బరువులెత్తడమూ రెండూ కలిపి చేసినవారు ఏదో ఒక్కటే చేసినవారికంటే ఎక్కువ లాభపడ్డారు. మన దేశంలో, చెన్నైలో నడిచి 2006లో ప్రచురితమైన పరిశోధన మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించింది. ఆహారంలో మార్పులు, రోజూ అరగంట చురుకైన నడక వంటివి పాటించిన జట్టులో మధుమేహం వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. అక్కడ ఎవరూ రొప్పుతూ పరుగెత్తలేదు. తీవ్రత వల్ల మేలుంది, సమయం ఆదా అవుతుంది. అది లేకపోతే మేలు లేదనడం మాత్రం సరికాదు.

బిలాస్‌పూర్‌కు తెచ్చేటప్పుడు

కెనడా ప్రయోగశాల నుంచి అరపా నది ఒడ్డుకు వచ్చేసరికి కొన్ని ప్రశ్నలు కొత్తగా పుడతాయి. అనువాదకుడు వాటిని కూడా అనువదించాలి.

మొదటిది, హెచ్‌బీఏ1సీ గడియారం అందరి ఒంట్లో ఒకేలా తిరగదు. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ జన్యువు ఉన్నవారిలో, రక్తహీనత ఉన్నవారిలో హెమోగ్లోబిన్ తీరు, కణాల ఆయుష్షు మారుతాయి. పరీక్షా పద్ధతిని బట్టి అంకె తప్పు దారి పట్టించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. సికిల్ సెల్ జన్యువు ఉన్నవారికి ఎండలో ఒక్కసారిగా చేసే అతి తీవ్ర శ్రమ అరుదుగా ప్రాణం మీదికి కూడా తేవచ్చు. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి.

రెండవది, మన జీవితాలు మారిన తీరు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీలలో పనిచేసేవారినీ, పల్లెలో ఉండిపోయిన వారి తోబుట్టువులనూ పోల్చిన పరిశోధన 2010లో వచ్చింది. పల్లెలోని పురుషులలో 6.2 శాతం మందికి మధుమేహం ఉంటే, పల్లె నుంచి నగరానికి వలస వచ్చినవారిలో 14.3 శాతం మందికి ఉంది. మా పెద్దాయన తాత పార పట్టి బొగ్గు వేశాడు. కాసేపు విసురు, కాసేపు తెరిపి. పరిశోధకులు ఇప్పుడు సైకిలు మీద చేయిస్తున్నది ఆ పనినే పోలి ఉంటుంది. మనవడు ఎలక్ట్రిక్ ఇంజనులో సీటు మీద కూర్చుని, వేళకాని వేళల్లో తిని, ముప్పై ఏళ్ళు బండి నడిపాడు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. వారిలో ఎక్కువమంది ఇలాంటి మనవలూ మనవరాళ్ళే అయివుంటారు.

మూడవది, భద్రత. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి తీవ్ర వ్యాయామం చేసిన కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రాత్రి నిద్రలో, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కంటి వెనుక పొరలో కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చినవారికి తీవ్ర శ్రమ వల్ల లోపల రక్తస్రావం కావచ్చు. పాదాలు మొద్దుబారినవారికి బొబ్బ లేచినా తెలియదు. గుండె పరీక్ష సరేసరి. ఇవన్నీ చూసుకుని గాని తీవ్ర వ్యాయామం మొదలుపెట్టకూడదు. మాత్ర మార్చడమూ మానడమూ డాక్టరు చెప్పాలి తప్ప శీర్షిక చెప్పకూడదు.

మీరు చేయవలసింది

ఇలాంటి వార్త ఇకమీదట మీ కంటపడితే నాలుగు ప్రశ్నలు వేయండి. ఎంతమంది మీద చూశారు? దేనితో పోల్చారు? వ్యాయామం అయ్యాక ఎంతసేపటికి కొలిచారు? పాల్గొన్నవారు మా ఇంట్లోవారి వంటివారేనా? జవాబు వ్యాసంలో లేకపోతే ఆ లోపం రాసినవారిదే. మీ ఇంట్లో నాయనమ్మకో మేనమామకో చదివి వినిపించేటప్పుడు ఆ లోపాన్ని కూడా వినిపించండి.

మా పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజే ఆయన్ను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. మాత్ర మళ్ళీ మొదలైంది. గుండె, కళ్ళు, పాదాలు చూశాక, చురుకైన నడక మధ్యలో అప్పుడప్పుడు నిమిషంపాటు వేగం పెంచవచ్చన్నారు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ కొంచెం తగ్గింది. అందులో నడక వాటా ఎంతో, మళ్ళీ మొదలుపెట్టిన మాత్ర వాటా ఎంతో చెప్పలేం. ఒక్క మనిషితో అది తేలదు. అందుకే పరిశోధనలలో పోల్చడానికి ఇంకో జట్టు ఉండాలంటారు.

ఆయన నోటుపుస్తకంలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఇదివరకు అంకెలు మాత్రమే ఉండేవి. ఇప్పుడు ప్రతి అంకె పక్కన టైము, ఏం తిన్నారు, నడిచి ఎంతసేపయింది అన్నవి రాస్తున్నారు. నేను చూసి మెచ్చుకుంటే నవ్వారు. "బండి వచ్చిందని రాసి టైము రాయకపోతే స్టేషన్ మాస్టరు ఊరుకుంటాడేటి బాబూ?" అన్నారు.

నా అనువాదంలో నేను రాయకుండా వదిలేసింది ఆ టైమునే.